దువ్వాడ చక్రం, డిక్కీ మీది రెక్క

విశాఖను ఉక్కునగరం అంటాం గానీ, ఈ ఊళ్లో ముస్తాబు చేసిన స్పోర్ట్స్‌ కారు చక్రాల్లో మన ఉక్కు కోసం వెతికితే దొరకదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో తయారయ్యేవి కడ్డీలు, తీగచుట్టలు, దూలాలు. కారు ఉక్కు చక్రానికి కావలసింది రేకు. ఆ సంస్థ చక్రాల కర్మాగారం కట్టినా, అది ఎక్కడో రాయ్‌బరేలీ జిల్లా లాల్‌గంజ్‌లో ఉంది. అక్కడ చేసేవి రైలు చక్రాలు. కారు చక్రం పుట్టేచోటు చూడాలంటే ఉక్కు కర్మాగారం పొరుగునే ఉన్న దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలికి వెళ్లాలి. అక్కడ సినర్జీస్‌ కాస్టింగ్స్‌ సంస్థ అల్యూమినియం కరిగించి అలాయ్‌ చక్రాలు పోతపోస్తుంది.

అలాయ్‌ చక్రాలకు ఎక్కువగా వాడే మిశ్రమం పేరు ఏ356. అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్‌, 0.3 శాతం మెగ్నీషియం కలుపుతారు. సిలికాన్‌ వల్ల కరిగిన లోహం అచ్చులో మూలమూలకూ పారుతుంది. అసలు బలం ఆ పిసరంత మెగ్నీషియంతో వస్తుంది. పోతపోసిన చక్రాన్ని 540 డిగ్రీల సెల్సియస్‌ దగ్గర గంటల తరబడి కాచి, నీళ్లలో ముంచి, మళ్లీ 150-160 డిగ్రీల దగ్గర మగ్గబెడతారు. అప్పుడు మెగ్నీషియం, సిలికాన్‌ కలిసి కంటికి ఆనని రేణువులై, లోహపు పొరలు జారకుండా అడ్డుపడతాయి. మామిడికాయ మగ్గినట్టే ఇదీ. వేడి తగ్గినా చెడుతుంది, మించినా చెడుతుంది.

అందుకే గోతిలో పడి వంగిన అలాయ్‌ రిమ్మును గ్యాస్‌ మంటతో కాచి సుత్తితో సరిచేయించడం చూస్తే నాకు భయం వేస్తుంది. రిమ్ము మళ్లీ గుండ్రంగానే కనిపిస్తుంది. కాచిన చోట మాత్రం ఆ బలం పోయి ఉంటుంది. బీట పడినదానికి వెల్డింగ్‌ పెట్టించడం ఇంకా ప్రమాదం. అలాంటి చక్రం వేసిన కారులో పిల్లల్ని కూర్చోబెట్టుకుని జాతీయ రహదారి ఎక్కకండి.

ఇక సైజు సంగతి. చాలామంది ముందుగా అడిగేది పెద్ద రిమ్ము. రిమ్ము పెరిగినా టైరుతో కలిపిన మొత్తం ఎత్తు పెరగకూడదు. పెరిగితే స్పీడోమీటరు తప్పు చూపుతుంది, టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. 195/65 ఆర్‌15 టైరు తీసుకుందాం. వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ అందులో 65 శాతం. రెండు పక్కగోడలు, 15 అంగుళాల రిమ్ము కలిపితే 634.5 మిల్లీమీటర్లు. అదే 225/45 ఆర్‌17కు లెక్కకడితే 634.3. తేడా లేదు. అయితే పక్కగోడ 127 మిల్లీమీటర్ల నుంచి 101కి దిగింది. మలుపులో స్టీరింగుకు కారు చురుగ్గా స్పందిస్తుంది నిజమే, కానీ గోతి దెబ్బను మింగే రబ్బరు తగ్గిపోయింది. మన రోడ్ల మీద ఒక అంగుళం పెంచితే పెంచుకోవచ్చు. అంతకు మించితే రిమ్ముకే ముప్పు.

సైజుకన్నా ముందు అడగవలసింది బరువు. చక్రం ముందుకు కదలడమే కాదు, తిరుగుతుంది కూడా. కాబట్టి రిమ్ము అంచులో చేరిన ఒక్క కిలోను పరుగెత్తించాలంటే ఇంజిన్‌కు సుమారు కిలోన్నర మోసినంత పని. టైరు తొక్కులో చేరిన కిలో అయితే దాదాపు రెండు కిలోల పెట్టు. పైగా ఈ బరువు స్ప్రింగుల కింద ఉంటుంది. గతుకులో ఎగిరిన బరువైన చక్రం తిరిగి నేలను తాకడానికి ఆలస్యమవుతుంది, ఆ క్షణంలో పట్టు ఉండదు. పెద్ద రిమ్ము వేయించి బరువు పెంచుకుంటే కారు సోకు పెరిగి చురుకు తగ్గుతుంది.

కొత్త రిమ్ము బోల్టుల వలయం కొలత, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్‌ మీ కారుకు అచ్చంగా సరిపోవాలి. ఆఫ్‌సెట్‌ అంటే చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందన్న కొలత. నీళ్లబిందె చంకనెత్తుకుంటే సులువు, చేయి చాచి పట్టుకుంటే భుజం లాగేస్తుంది. బయటికి పొడుచుకొచ్చిన చక్రం బేరింగును అలాగే లాగుతుంది.

విశాఖలో ఉప్పుగాలి బాధ ఒకటుంది. అలాయ్‌ రిమ్ము ఉక్కు హబ్బుకు ఆనుకున్న చోట ఉప్పునీరు చేరితే, రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీలాంటిది ఏర్పడి అల్యూమినియం తెల్లటి పొడిగా మారి తరిగిపోతుంది. బీచ్‌రోడ్డు దగ్గర ఉండేవాళ్లు చక్రాల వెనకవైపు కూడా మంచినీళ్లతో కడగాలి, పూత గీసుకుపోతే వెంటనే వేయించాలి. పందేల్లో వాడే మెగ్నీషియం చక్రాలైతే ఈ ఊరికి అసలు పనికిరావు.

ఇప్పుడు రెక్క. విమానం రెక్కను తలకిందులు చేసినదే వింగ్‌. గాలిని పైకి మళ్లించి, బదులుగా కారును కిందికి నొక్కుతుంది. డిక్కీ అంచుకు అంటుకుని ఉండే స్పాయిలర్‌ వేరు. అది కారును పైకి లేపే గాలిని చెదరగొడుతుందంతే. ఆ చిన్నదీ తక్కువది కాదు. 1998లో వచ్చిన ఆడి టీటీ కారు జర్మనీలో అతివేగంలో ప్రమాదాల పాలైతే, కంపెనీ చేసిన మార్పుల్లో వెనక స్పాయిలర్‌ కూడా ఉంది.

గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెట్టింపు వేగానికి నాలుగింతల బలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపానును చూసిన విశాఖవాసులకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. రోజూ చెట్ల ఆకులు కదిపే గాలే, గంటకు 180 కిలోమీటర్ల స్థాయికి చేరేసరికి ఆ చెట్లనే కూల్చేసింది. మీటరున్నర పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మామూలు వింగ్‌కు లెక్క వేశాను. 160 కిలోమీటర్ల వేగంలో సుమారు 36 కిలోల నొక్కుడు. 80లో 9 కిలోలు. అరకు ఘాట్‌ మలుపుల్లో వెళ్లే 40 వేగంలో రెండు కిలోల పైచిలుకు. డిక్కీలో రెండు కిలోల బియ్యం సంచి పెట్టినట్టు!

ఇంకో చిక్కుంది. వింగ్‌ వెనక ఇరుసుకు అవతల వేలాడుతుంది కాబట్టి, తూగుడుబల్లలా వెనక నొక్కితే ముందు లేస్తుంది. 2.5 మీటర్ల చక్రాల దూరం ఉన్న కారుకు ఇరుసు వెనక 80 సెంటీమీటర్ల దూరంలో వింగ్‌ పెడితే, ఆ 36 కిలోలకు ముందు చక్రాల మీద 11 కిలోలకు పైగా తగ్గుతుంది. మన దగ్గరి చిన్నకార్లలో చాలావరకు బండిని లాగేవీ, మలుపు తిప్పేవీ ముందు చక్రాలే. వాటినే తేలిక చేసుకోవడం తెలివైన పని కాదు. వెనక చక్రాలతో నడిచే కారై, రేసు ట్రాక్‌ మీదికి తీసుకెళ్లేవాళ్లయితే వింగ్‌కు అర్థముంది. అప్పుడైనా ముందు భాగం కింద గాలిని అదుపుచేసే స్ప్లిటర్‌ కూడా ఉండాలి, వింగ్‌ కాళ్లు డిక్కీ పల్చటి రేకుకు కాక గట్టి చట్రానికి బిగించాలి. 1969 స్పానిష్‌ గ్రాండ్‌ప్రీ కార్ల పందెంలో గ్రాహం హిల్‌, యోకెన్‌ రింట్‌ నడిపిన రెండు లోటస్‌ కార్ల ఎత్తైన వింగ్‌లూ విరిగి ప్రమాదాలయ్యాయి. తర్వాతి మొనాకో పందెంలోనే అలాంటి వింగ్‌లను నిషేధించారు.

నా మాట వింటే డబ్బు ముందు మంచి టైర్లకు పెట్టండి, తర్వాత తేలికైన, పరీక్షలకు నిలిచిన చక్రాలకు. వింగ్‌ ఆశ చివరికి ఉంచండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఏది బిగించే ముందైనా రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. రిమ్ము కొనేటప్పుడు మెరుపు చూసి సరిపెట్టుకోకుండా వెనక్కి తిప్పి, అది మోయగల బరువు, ఆఫ్‌సెట్‌, ప్రమాణం గుర్తు చదవండి. దుకాణంలోనే కాటా మీద పెట్టి తూయించండి.