గృహ బీమా: వర్తించే నష్టాలు, వర్తించని నష్టాలు

సికింద్రాబాద్: 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుండపోత వర్షానికి జంట నగరాలలో వేలాది గృహాలు జలమయమైన సంగతి విదితమే. అప్పుడు బేగంపేట వాతావరణ కేంద్రంలో ఒక్క రోజులో సుమారు 19 సెంటీమీటర్ల వర్షపాతం నమోదైంది. 2000 ఆగస్టు 24న ఇదే కేంద్రంలో సుమారు 24 సెంటీమీటర్లు నమోదైంది. 2020 వరదల అనంతరం రాష్ట్ర ప్రభుత్వం ముంపునకు గురైన కుటుంబానికి 10 వేల రూపాయలు, పూర్తిగా కూలిన ఇంటికి లక్ష రూపాయలు, పాక్షికంగా దెబ్బతిన్న ఇంటికి 50 వేల రూపాయల చొప్పున సహాయం ప్రకటించింది. ఇది తక్షణ ఉపశమనమే తప్ప ఇంటిని తిరిగి కట్టుకొనేందుకు అయ్యే వ్యయం కాదు. ఆ వ్యయాన్ని భరించేది గృహ బీమా. అయితే దాని పరిధి విషయమై ప్రజలలో పలు అపోహలు ఉన్నందున ఈ వివరణ ఇవ్వడమైనది.

వర్తించే ప్రమాదాలు

బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఆదేశాల మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీని అందిస్తున్నాయి. అగ్నిప్రమాదం, పేలుడు, పిడుగుపాటు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడటం, అల్లర్లు, ఉగ్రవాద చర్యలు, నీటి ట్యాంకులు లేదా గొట్టాలు పగలడం వంటి కారణాల వల్ల కలిగే నష్టం దీని పరిధిలోకి వస్తుంది. చెట్టు కూలినా, వాహనం వచ్చి ఢీకొన్నా కలిగే నష్టానికి సైతం పరిహారం లభిస్తుంది.

పొరుగు భవనం నుంచి మంటలు వ్యాపించి ఇల్లు దెబ్బతిన్నా పాలసీ వర్తిస్తుంది. 2023 జనవరి 19న రాంగోపాల్‌పేట పరిధిలోని నల్లగుట్ట వద్ద ఒక వాణిజ్య భవనం తగులబడినప్పుడు పరిసర గృహాలలోని వారిని ఖాళీ చేయించవలసి వచ్చింది. ఇటువంటి సందర్భాలలో ఇల్లు దెబ్బతిని నివాసయోగ్యం కానప్పుడు ప్రత్యామ్నాయ వసతికి అద్దె లభిస్తుంది. ఏ నష్టమూ లేకుండా, ముందుజాగ్రత్తగా ఖాళీ చేసినంత మాత్రాన ఈ అద్దె రాదు.

బీమా మొత్తం నిర్ధారణ

బీమా భవనానికే గాని స్థలానికి కాదు. మారేడ్‌పల్లి, పద్మారావునగర్ వంటి ప్రాంతాలలోని పాత ఇళ్ల విక్రయ ధరలో అధిక భాగం స్థలం విలువే. అందువల్ల మార్కెట్ ధరతో నిమిత్తం లేకుండా, ఇంటి లోపలి విస్తీర్ణాన్ని నిర్మాణ వ్యయంతో గుణించి బీమా మొత్తాన్ని లెక్కిస్తారు. ఉదాహరణకు వెయ్యి చదరపు అడుగుల ఇంటికి అడుగుకు 2,000 రూపాయల వంతున 20 లక్షల రూపాయలవుతుంది. ఇంటిలోని సామగ్రికి ఇందులో 20 శాతం, అంటే 4 లక్షల రూపాయల వరకు, అదనపు వివరాలు కోరకుండానే రక్షణ లభిస్తుంది. దీనికి గరిష్ఠ పరిమితి 10 లక్షల రూపాయలు. సామగ్రి విలువ అంతకు మించితే ముందుగానే ప్రకటించవలసి ఉంటుంది. అద్దెకు ఉంటున్నవారు తమ సామగ్రికి మాత్రమే పాలసీ తీసుకోవచ్చు.

వర్తించని నష్టాలు

ఆకస్మికంగా సంభవించే ప్రమాదానికే బీమా వర్తిస్తుంది. కాలక్రమేణా కలిగే శిథిలతకు వర్తించదు. ఏళ్ల తరబడి గోడలలోకి ఇంకిన చెమ్మ, నాసిరకం నిర్మాణం వల్ల కలిగిన నష్టాలకు పరిహారం ఉండదు. పక్క స్థలంలో సెల్లార్ కోసం తవ్వకాలు జరిపినందున భూమి కుంగి గోడలు బీటలు వారినా ఈ పాలసీ వర్తించదు. షార్ట్ సర్క్యూట్ వల్ల కాలిపోయిన ఫ్రిజ్ వంటి పరికరానికి పరిహారం రాదు. దాని నుంచి మంటలు వ్యాపించి ఇతర వస్తువులు దగ్ధమైతే వాటికి వస్తుంది.

సెల్లార్‌లో నీట మునిగిన కారు, మోటారు సైకిళ్లు గృహ బీమా పరిధిలోకి రావు. వాటికి సమగ్ర వాహన బీమా ఉండాలి. బంగారు ఆభరణాలకు ప్రత్యేక ఐచ్ఛిక రక్షణ తీసుకోవాలి. చోరీ విషయంలో, పైన పేర్కొన్న ప్రమాదాలలో ఏదైనా సంభవించి, దాని కారణంగా ఏడు రోజులలోపు జరిగిన దొంగతనానికే పరిహారం లభిస్తుంది. సాధారణ చోరీలకు వేరుగా బీమా అవసరం.

గృహరుణం తీసుకున్నవారు మరొక అంశాన్ని పరిశీలించాలి. రుణంతోపాటు ఇచ్చే పాలసీ కొన్ని సందర్భాలలో రుణగ్రహీత మరణిస్తే బాకీ తీర్చే జీవిత బీమా మాత్రమే కావచ్చు. దానివల్ల ఇంటికి ఎటువంటి రక్షణా ఉండదు.

నివేదికల ప్రాధాన్యం

నష్టం జరిగిన వెంటనే బీమా కంపెనీకి తెలియజేయాలి. శుభ్రపరచడానికి ముందే ఛాయాచిత్రాలు తీయించి, వస్తువుల జాబితాను, రశీదులను భద్రపరచాలి. సర్వేయర్ పరిశీలనలో అగ్నిమాపక శాఖ నివేదిక, పోలీసు నివేదిక, రెవెన్యూ పంచనామా కీలక ఆధారాలవుతాయి. వరద తాకిడికి పడిపోయిన గోడను పంచనామాలో కేవలం 'పాత గోడ కూలింది' అని నమోదు చేస్తే, అర్హత ఉన్న కుటుంబానికీ పరిహారం చేజారే ప్రమాదం ఉంది. కనుక క్షేత్రస్థాయి అధికారులు నష్టానికి గల కారణాన్ని, తేదీని, ఇంటిలో నీరు నిలిచిన ఎత్తును స్పష్టంగా పేర్కొనడం ఆవశ్యకం. పాత్రికేయులు సైతం ప్రభుత్వ సహాయానికి, బీమా పరిహారానికి గల తేడాను పాఠకులకు వివరించగలరు.

క్లెయిమ్‌ను తిరస్కరిస్తే ముందుగా కంపెనీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజులలో సమాధానం రాకున్నా, వచ్చిన సమాధానం సంతృప్తికరంగా లేకున్నా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. పాలసీదారులు వర్షాకాలానికి ముందే తమ పాలసీ పత్రాన్ని ఒకసారి పూర్తిగా చదివి, గడువు తేదీని, మినహాయింపులను సరిచూసుకోవడం శ్రేయస్కరం.