కందెన: ఎడ్లబండి ఇరుసు నుంచి విమానం ఇంజను దాకా

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అని మన పెద్దలంటారు. ఈ సామెత వినని వాళ్ళు మన హాస్టల్లో ఉండరు. కానీ దీని వెనుక ఒక శాస్త్రం ఉందని, ఆ శాస్త్రానికి ప్రపంచమంతటా పరిశోధనశాలలు, పత్రికలు, మహాసభలు ఉన్నాయని నాకు ఎం.ఎస్సీ.లో చేరేదాకా తెలియదు. ఆ శాస్త్రం పేరు ట్రైబాలజీ. రెండు వస్తువులు ఒకదానినొకటి రాసుకుంటూ కదిలినప్పుడు ఏం జరుగుతుందో అది చెబుతుంది. ఘర్షణ, అరుగుదల, కందెన – ఈ మూడే అందులోని పాఠాలు.

పేరు కొత్తగా ఉందని భయపడనక్కర లేదు. ఈ శాస్త్రానికి కావలసిన ముఖ్యమైన సరుకు ఒకటి మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చెలకల్లోనే పండుతుంది. అదేమిటో ముందు ముందు చెబుతాను.

ఘర్షణ అంటే ఏమిటి?

8వ తరగతి సైన్సులో ఘర్షణ పాఠం మనమంతా చదివాం. ఘర్షణ లేకపోతే నడవలేం, బ్రేకు పడదు, అగ్గిపుల్ల వెలగదు. ఎక్కువైతే యంత్రం వేడెక్కి అరిగిపోతుంది. ఎందుకు?

నున్నగా మెరిసే ఇనుమును సూక్ష్మదర్శినిలో చూస్తే గుట్టలు, లోయలు కనిపిస్తాయి, కొల్లాపూర్ అవతలి నల్లమల లాగా. రెండు ఇనుప ముక్కలు తాకాయంటే నిజానికి ఆ గుట్టల కొనలు మాత్రమే తాకుతాయి. బరువంతా ఆ కొనల మీదే పడుతుంది. అవి నలుగుతాయి, అతుక్కుంటాయి, కదిలేసరికి విరుగుతాయి. కదలకుండా అడ్డుపడేది ఘర్షణ, విరిగి రాలిపోయేది అరుగుదల. ఈ రెండు ముక్కల మధ్య ఒక పలుచని పొరను నిలబెట్టి, కొనలు తాకకుండా చేసేదే కందెన.

పాత విద్య, కొత్త పేరు

ఈ విద్య కొత్తది కాదు. దాదాపు 3900 ఏళ్ళ నాటి ఈజిప్టు సమాధి చిత్రం ఒకటి ఉంది. అందులో పెద్ద విగ్రహాన్ని చెక్క బల్ల మీద పెట్టి జనం లాగుతుంటే, ఒక మనిషి ముందు నిలబడి ఇసుక మీద ఏదో పోస్తుంటాడు. అది పూజ కోసమని చాలామంది అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇసుకను తగినంత తడిపి పరీక్షించారు. లాగడానికి కావలసిన బలం సగానికి తగ్గిందని తేలింది.

పేరు మాత్రం 1966లో పుట్టింది. బ్రిటన్‌లో ఫ్యాక్టరీల యంత్రాలు ఊరికే అరిగిపోతున్నాయని పీటర్ జోస్ట్ అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ ఏడాది మార్చి 9న వచ్చిన నివేదికలో ‘రుద్దడం’ అనే అర్థమున్న గ్రీకు పదం నుంచి ట్రైబాలజీ అనే పేరు పెట్టారు. సరైన కందెన వాడితే, సరైన బేరింగులు వాడితే బ్రిటన్ ఒక్కటే ఏటా 51.5 కోట్ల పౌండ్లు మిగుల్చుకోవచ్చని అందులో లెక్క కట్టారు.

2017లో హోల్మ్‌బర్గ్, ఎర్డెమిర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మొత్తం ప్రపంచానికి లెక్క కట్టారు. మనుషులు వాడే శక్తిలో సుమారు 23 శాతం ఘర్షణ, అరుగుదలల ఖాతాలోకే పోతోందన్నారు. అందులో 20 శాతం ఘర్షణను జయించడానికి, 3 శాతం అరిగిన భాగాలను మళ్ళీ తయారు చేయడానికి. అంటే నాలుగు లీటర్ల డీజిలు పోస్తే దాదాపు లీటరు రాపిడికే ఆహుతి అన్నమాట!

మన ఆముదం కథ

ఇప్పుడు మన సరుకు దగ్గరికి వద్దాం. అదే ఆముదం.

మా తాత బండి కింద ఒక వెదురు గొట్టం వేలాడేదట. అందులో గడ్డి కాల్చిన మసి, ఆముదం కలిపిన నల్లటి ముద్ద ఉండేది. సంతకు బయలుదేరే ముందు చీల తీసి, చక్రాన్ని కొంచెం బయటికి లాగి, ఇరుసుకు ఆ ముద్ద పట్టించేవారు. దాన్నే కందెన అన్నారు. వేరుశనగ నూనె ఉండగా ఆముదమే ఎందుకు?

దీనికి జవాబు కెమిస్ట్రీలో ఉంది. ఆముదంలో 85 నుంచి 90 శాతం దాకా రిసినోలిక్ ఆమ్లం ఉంటుంది. ఈ ఆమ్లంలో 18 కార్బన్ల గొలుసు, ఆ గొలుసులో 12వ కార్బన్ దగ్గర ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటాయి. మనం వాడే ఇతర వంటనూనెల్లో ఆ గుంపు ఉండదు. ఆ ఒక్క గుంపు రెండు పనులు చేస్తుంది. అణువులు ఒకదానినొకటి పట్టుకునేలా చేస్తుంది కాబట్టి ఆముదం వేరుశనగ నూనె కంటే ఐదారు రెట్లు చిక్కగా ఉంటుంది. ఇనుమును కూడా అంటిపెట్టుకుంటుంది కాబట్టి బరువు పడ్డా పొర అంత సులువుగా తొలగిపోదు. మన తాతలకు ఈ ఫార్ములా తెలియదు, కానీ ఫలితం తెలుసు.

ఆ ఫలితం దొరలకూ తెలిసింది. ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో ఆముదం కలిపిన ఇంజనాయిలు తెచ్చి, ఆముదం ఇంగ్లీషు పేరైన ‘కాస్టర్’ నుంచే ‘కాస్ట్రాల్’ అని పేరు పెట్టింది. ఈనాడు మన మెకానిక్ షాపుల్లో కనిపించే డబ్బా అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో అనేక విమానాలకు రోటరీ ఇంజన్లు ఉండేవి. వాటిలో పెట్రోలు ఇంజను కడుపులోంచే పోయేది, మామూలు ఖనిజ నూనెను కడిగేసేది. ఆముదం పెట్రోలులో అంత తేలిగ్గా కలవదు కాబట్టి దాన్నే వాడారు. కాలీకాలని ఆముదం పొగ పైలట్ల ముఖం మీదికి కొట్టేది. యుద్ధం సంగతి అటుంచి, ముందు వాళ్ళ కడుపులు పాడయ్యేవని చెబుతారు. చిన్నప్పుడు అవ్వ చేతి ఆముదం తాగిన మనకు వాళ్ళ బాధ వేరే చెప్పాలా!

గ్రీజు డబ్బాలో ఏముంది?

విమానాలు మారాయి, బండ్లకు టైర్లు వచ్చాయి. మరి ఆముదం పని అయిపోయిందా? కాలేదు.

గ్రీజు అంటే చిక్కటి నూనె అని చాలామంది అనుకుంటారు. కాదు. గ్రీజు అంటే నూనె, సబ్బు కలిసిన ముద్ద. సబ్బు సన్నటి నారల అల్లికగా ఏర్పడి, స్పాంజి నీళ్ళను పట్టినట్టు నూనెను పట్టి ఉంచుతుంది. బేరింగు తిరిగినప్పుడు కావలసినంత నూనెను వదులుతుంది. డబ్బాలో ఎక్కువ భాగం నూనే. సబ్బు తక్కువే అయినా ఆ గుణమంతా దానివల్లే వస్తుంది.

ఆ సబ్బును దేనితో చేస్తారు? ఆముదానికి నికెల్ ఉత్ప్రేరకం సాయంతో హైడ్రోజన్ ఎక్కిస్తే అది మైనంలా గట్టిపడుతుంది. దాని నుంచి 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం వస్తుంది. ఆ ఆమ్లాన్ని లిథియం క్షారంతో కలిపితే లిథియం సబ్బు అవుతుంది. 1940లలో వచ్చిన ఈ లిథియం గ్రీజు నీటికి కరగదు, వేడికి తొందరగా కారిపోదు. అందుకే ప్రపంచంలో తయారయ్యే గ్రీజులో సగానికి మించి ఇదే జాతి. లారీ చక్రంలో, ట్రాక్టరులో, పిండి గిర్నీలో, సీలింగ్ ఫ్యానులో రాసిన గ్రీజు వెనుక చాలాసార్లు ఒక ఆముదపు గింజ ఉంటుంది. జెట్ ఇంజన్లకు వాడే కొన్ని కృత్రిమ నూనెలకు మూలమైన సెబాసిక్ ఆమ్లం కూడా ఆముదం నుంచే వస్తుంది.

ప్రపంచ ఆముదంలో 80 శాతానికి పైగా మన దేశానిదే. గుజరాత్ మొదటి స్థానంలో ఉంది. మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా చెలకల్లోనూ ఇది వానాకాలపు పాత పంట. బిజినేపల్లి దగ్గర పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి క్రాంతి, హరిత రకాలు, పీసీహెచ్-111 హైబ్రిడ్ వచ్చాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ, తార్నాకలోని ఐఐసీటీ కూడా ఆముదం మీద పని చేశాయి. ఒకటి గింజ మీద, మరొకటి నూనె నుంచి బయో కందెనలు తయారు చేయడం మీద.

కానీ దాసరి పురుగు, గెలలు పట్టే సమయంలో ముసురు పడితే వచ్చే బూజు తెగులు, నిలకడ లేని ధర – వీటితో విసిగి మన రైతులు చాలామంది పత్తికి మళ్ళారు. మనం గింజ అమ్ముకుంటాం, గ్రీజు కొనుక్కుంటాం. మధ్యలోని లాభమంతా ఆ గింజను నూనెగా, నూనెను ఆమ్లంగా, ఆమ్లాన్ని గ్రీజుగా మార్చేవాళ్ళది. కెమిస్ట్రీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

ప్రపంచంలో ఇప్పటి వార్తలు

మొదటి ప్రపంచ ట్రైబాలజీ మహాసభ 1997లో లండన్‌లో జరిగింది. 7వది 2022లో ఫ్రాన్సులోని లియాన్‌లో జరిగింది. ఈ రంగంలో ఇటీవల నడుస్తున్న చర్చల్లో మూడు మనకు సంబంధించినవి.

ఒకటి: లిథియం కొరత. మన సెల్‌ఫోను బ్యాటరీలోనూ, గ్రీజులోనూ ఉన్నది ఒకే లిథియం. 2021, 2022లలో ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీల కోసం పోటీ పెరిగి దాని ధర ఆకాశానికంటింది, 2023లో పడిపోయింది. పైగా కొన్ని లిథియం లవణాలు సంతాన సామర్థ్యానికి హానికరమైనవిగా వర్గీకరించాలని 2021లో ఐరోపా రసాయనాల సంస్థ కమిటీ అభిప్రాయపడింది. దీంతో గ్రీజు కంపెనీలు కాల్షియం వైపు, పాలీయూరియా వైపు చూస్తున్నాయి. కాల్షియం గ్రీజుల్లోనూ కొన్నింటికి ఆముదపు ఆమ్లమే కావాలి. పాలీయూరియాకు అది అక్కర లేదు. ఎటు మొగ్గుతుందనేది మన గింజ ధరకూ సంబంధించిన విషయమే.

రెండు: నీటిని పాడుచేయని కందెనలు. పెద్ద ఓడల్లో సముద్రపు నీటిని తాకే చోట పర్యావరణానికి హాని చేయని కందెనలే వాడాలని అమెరికా 2013 నాటి అనుమతి పత్రంలో నిబంధన పెట్టింది. అప్పటి నుంచి మొక్కల నూనెల నుంచి చేసిన కందెనలకు విలువ పెరిగింది.

మూడు: ఎలక్ట్రిక్ వాహనాల బేరింగులు. మోటారు నుంచి చిన్న చిన్న కరెంటు మెరుపులు బేరింగు లోపల దూకి, లోహాన్ని గుంటలు పడేలా చేస్తాయి. అందుకు తగిన కొత్త గ్రీజుల కోసం దేశదేశాల్లో పరిశోధన సాగుతోంది.

బోరు మోటారు ఎందుకు కాలుతుంది?

ఇక మన ఇంటి సంగతి. 2014 ఎండాకాలంలో మా బోరు మోటారు రెండుసార్లు కాలింది. రెండోసారి రిపేరుకు చేసిన అప్పు తీర్చడానికి అమ్మానాయిన బొంబాయి పనికి పోయారు. నన్ను హాస్టల్లో వేశారు. “మోటారు కాలింది” అని అందరూ అన్నారు గానీ ఎందుకు కాలిందో ఎవరూ చెప్పలేదు. మనలో చాలామంది ఇళ్ళల్లో ఇదే కథ కాబట్టి, ఇన్నేళ్ళకు నాకు అర్థమైనది చెబుతాను.

నీళ్ళలో మునిగి పనిచేసే చాలా మోటార్లలో కందెన నూనె కాదు, నీళ్ళే. దించే ముందు మెకానిక్ మోటారులో నీళ్ళు నింపేది అందుకే. తిరిగే భాగం బరువంతా అడుగున ఉన్న థ్రస్ట్ బేరింగు మీద పడుతుంది. అక్కడ పలుచని నీటి పొర ఆ బరువును మోస్తుంది. బోరులో నీళ్ళు తగ్గి పంపు గాలి లాగితే, మోటారు చుట్టూ పారి చల్లబరిచే నీళ్ళు ఆగిపోతాయి. లోపలి నీళ్ళు మరుగుతాయి. పొర తెగుతుంది. లోహం లోహానికి తగిలి బిగుసుకుంటుంది, అప్పుడు కరెంటు ఎక్కువ లాగి వైండింగు మాడుతుంది. అంటే చివర కాలేది రాగి తీగే అయినా, ముందు పోయింది కందెన!

అందుకని సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఇంట్లో ఈ నాలుగు మాటలు చెప్పండి:

1. మోటారులో ఇసుక, మట్టి లేని శుభ్రమైన నీళ్ళే నింపాలి.
2. మోటారును బోరు అడుగుకు ఆనించకూడదు. అడుగున ఇసుక ఉంటుంది.
3. ఆంపియర్ మీటరు ముల్లు ఉన్నట్టుండి పడిపోతే నీళ్ళు అందడం లేదని అర్థం. మామూలు కంటే పెరిగితే లోపల ఎక్కడో బిగుస్తోందని అర్థం. రెండింటిలో ఏది జరిగినా వెంటనే ఆపాలి.
4. నీళ్ళు లేకపోతే దానంతటదే ఆగేలా చేసే డ్రై రన్ రిలే స్టార్టరు డబ్బాలో పెట్టించుకోవచ్చు. దాని ఖర్చు కొత్త మోటారు ఖర్చు ముందు చాలా తక్కువ.

జూరాల దగ్గర చూడండి

ఇదే సూత్రం పెద్ద ఎత్తున చూడాలంటే దూరం పోనక్కర లేదు. జూరాల జల విద్యుత్ కేంద్రాన్ని 39 మెగావాట్లవి 6 యూనిట్లతో, 234 మెగావాట్ల సామర్థ్యంతో కట్టారు. కల్వకుర్తి ఎత్తిపోతల పథకంలో ఎల్లూరు దగ్గర ఒక్కో పంపు 30 మెగావాట్లది. ఇలాంటి భారీ యంత్రాల్లో టన్నుల కొద్దీ బరువును వెంట్రుక మందం కూడా లేని నూనె పొర మోస్తుంది. కింగ్స్‌బరీ అనే అమెరికా ఇంజనీరు రూపొందించిన ఇటువంటి బేరింగును 1912లో అక్కడి హోల్ట్‌వుడ్ జల విద్యుత్ కేంద్రంలో పెట్టారు. అది దశాబ్దాల పాటు దాదాపు అరుగుదలే లేకుండా నడిచింది. పొర తెగనంత కాలం లోహం లోహాన్ని తాకదు, తాకనిది అరగదు.

వరద నీటిలోని ఇసుక టర్బైన్లను కోసే సమస్య వేరే ఉంది. దానికి గట్టి పూతలు కావాలి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ పేలుడు బలంతో లోహం మీద గట్టి పూతలు వేసే పద్ధతిని ఉక్రెయిన్ నుంచి తెచ్చుకుని, నేర్చి, మన కంపెనీలకు అందించింది. ఆ సంస్థను చాలా ఏళ్ళు నడిపిన డా. జి. సుందరరాజన్ అరుగుదల మీదే పరిశోధన చేసి 1994లో భట్నాగర్ బహుమతి పొందారు.

చివరగా

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మనం చదువుకునే శాస్త్రం వేరే లోకం నుంచి వచ్చిందని, మన ఇంట్లో పని వేరని అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఒక సెలవులో ఇంటికి పోయి మా నాయినకు రిసినోలిక్ ఆమ్లం గురించి చెప్పాను. ఆయన అంతా విని, “అందుకే గదరా, మా నాయిన బండికి పల్లినూనె పెట్టకపోయె” అన్నాడు. ఆయన బడికి పోలేదు. కానీ నా పాఠం ఆయనకు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టలేదు. నాకు మాత్రం ఆ సంగతి తెలియడానికి పదిహేడేళ్ళ చదువు పట్టింది.

కాబట్టి ఇంట్లో చేసే పనిని తక్కువగా చూడకండి. ఎందుకు అని అడగండి. మెకానిక్ మోటారు విప్పుతుంటే పక్కన కూర్చుని, అరిగిన బుష్షు చేతిలోకి తీసుకుని, ఏ వైపు అరిగిందో చూడండి. ట్రైబాలజీ మొదటి పాఠం అదే. మెకానికల్, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మెటలర్జీ, ఏ దారిలో పోయినా ఈ రంగంలోకి రావచ్చు. ఆముదం పండే ఊళ్ళ నుంచి ఆముదం శాస్త్రజ్ఞులు కూడా రావాలని నా కోరిక.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (కెమిస్ట్రీ)