యూనిట్ – 9: పిల్లలతో బస్సు ప్రయాణం – అనువైన పిల్లల బండి ఎంపిక

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 పిల్లల బండ్లు – రకాలు
9.3 బస్సు నిర్మాణం – మోయవలసిన బరువు
9.4 కొనే ముందు పరిశీలించవలసిన అంశాలు
9.5 బస్సులో స్థలం – ఎవరి హక్కు?
9.6 ప్రయాణంలో జాగ్రత్తలు
9.7 సారాంశం
9.8 కీలక పదాలు
9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

• పిల్లల బండ్లలోని ప్రధాన రకాలను, వాటి మధ్య తేడాలను చెప్పగలుగుతారు.
• మీరు ఎక్కే బస్సును బట్టి ఏ బండి పనికివస్తుందో, అసలు బండి అవసరమో కాదో నిర్ణయించగలుగుతారు.
• కొనే ముందు దుకాణంలోనే చేయవలసిన పరీక్షలను వివరించగలుగుతారు.
• బస్సులో స్థలం విషయంలో చక్రాల కుర్చీ వాడేవారి హక్కును, చంటిపిల్లల తల్లిదండ్రుల అవసరాన్ని పోల్చి విశ్లేషించగలుగుతారు.

9.1 పరిచయం

కుటుంబం ఒక వస్తువు కొనేటప్పుడు అవసరం, ఆదాయం, ఉపయోగం అనే మూడింటినీ బేరీజు వేసుకోవాలి. ఈ సూత్రాన్ని ఇప్పుడు ఒకే ఒక వస్తువుకు అన్వయించి చూద్దాం. అది పిల్లల బండి. దుకాణాల్లో దీనిని స్ట్రోలర్ అనీ, ప్రామ్ అనీ అంటారు. నడక నేర్చుకొనే పిల్లలు పట్టుకొని తోసే మూడు చక్రాల చెక్క బండి వేరు, ఇది వేరు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద నిర్ణీత తరగతుల ఆర్టీసీ బస్సుల్లో మహిళలు ఉచితంగా ప్రయాణిస్తున్నారు. టీకాల కోసం, పుట్టింటికి, ఉద్యోగానికి, మీలాగే తరగతులకు చంటిబిడ్డతో బస్సెక్కే తల్లులు ఎందరో ఉన్నారు. ఒక చంకలో బిడ్డ, ఇంకో భుజాన సంచి, సున్నా టికెట్ కోసం చేతిలో గుర్తింపు కార్డు. ఈ పరిస్థితిలో బండి ఉంటే సుఖమా, అదనపు భారమా? దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. మీ జవాబును మీరే ఎలా తేల్చుకోవాలో ఈ యూనిట్ చెబుతుంది.

9.2 పిల్లల బండ్లు – రకాలు

పిల్లల బండి మొదట ప్రయాణ సాధనం కాదు, సంపన్నుల వైభవ చిహ్నం. ఇంగ్లండులో 1733లో విలియం కెంట్ అనే శిల్పి డెవన్‌షైర్ ప్రభువు పిల్లల కోసం ఒక చిన్న బండిని రూపొందించాడు. ఆ తరువాత వచ్చిన ప్రామ్‌లు కూడా పెద్ద చక్రాలతో, బరువైన తొట్టెతో ఉండేవి. వాటిని మడవడం, బస్సులోకి ఎక్కించడం సామాన్యమైన పని కాదు.

ఈ సమస్యకు పరిష్కారం విమానాల రంగం నుంచి వచ్చింది. ఓవెన్ మెక్‌లారెన్ అనే బ్రిటిష్ ఇంజనీరు స్పిట్‌ఫైర్ యుద్ధవిమానపు చక్రాల అమరిక మీద పనిచేసినవాడు. బరువైన ప్రామ్‌తో తన కూతురు పడుతున్న ఇబ్బందిని చూసి, అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకొనే బండిని తయారుచేసి 1965లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. దాని బరువు మూడు కిలోలకు లోపే. పిల్లల బండిని ఒక చేత్తో బస్సెక్కించే వీలు దీనితోనే మొదలైందని చెప్పవచ్చు.

ఈనాడు మార్కెట్లో దొరికే బండ్లను నాలుగు రకాలుగా విభజించవచ్చు.

1. తొట్టె ప్రామ్: బిడ్డ వెల్లకిలా పడుకొనేందుకు వీలైనది. పసిగుడ్డుకు మంచిది, బస్సుకు పెద్దది.
2. బహుళ ఉపయోగ బండి: తొట్టె, సీటు, కారు సీటు మార్చి అమర్చుకోదగినది. సాధారణంగా 10 కిలోలు, ఆపైన తూగుతుంది. కారున్నవారిని దృష్టిలో పెట్టుకొని చేసినది.
3. గొడుగు బండి: నిలువుగా, పొడవుగా ముడుచుకొంటుంది. తేలిక, చవక. చక్రాలు చిన్నవి. సీటు చాలా వాటిలో పూర్తిగా వాలదు.
4. పొట్టి మడత బండి: పెట్టెలాగా చిన్నగా ముడుచుకొంటుంది. సుమారు 6 నుంచి 8 కిలోలు. ధర ఎక్కువ.

బస్సు ప్రయాణికులకు ప్రధానంగా చివరి రెండే పరిశీలనార్హం.

9.3 బస్సు నిర్మాణం – మోయవలసిన బరువు

బండిని ఎంచుకొనే ముందు బస్సును చూడండి. మన దేశంలో పట్టణ బస్సులను నేల ఎత్తును బట్టి సుమారు 40, 65, 90 సెంటీమీటర్లని మూడు స్థాయిలుగా చెబుతారు. 40 సెంటీమీటర్ల తక్కువ ఎత్తు బస్సులోకి కాలిబాట నుంచి ఒక్క అడుగులో ఎక్కవచ్చు. ఎత్తు బస్సులో రెండు మూడు మెట్లుంటాయి. పల్లెవెలుగు బస్సులో వీటికి తోడు ఒకవైపు మూడు, మరోవైపు రెండు సీట్లు ఉండి, మధ్య దారి ఇరుకుగా ఉంటుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల ప్రమాణాల ప్రకారం ఏడాది నిండిన ఆడపిల్ల మధ్యస్థ బరువు సుమారు 9 కిలోలు. మగపిల్లవాడికి 9.6 కిలోలు.

బిడ్డ 9 కిలోలు + సంచి 3 కిలోలు + గొడుగు బండి 5 కిలోలు = 17 కిలోలు
బిడ్డ 9 కిలోలు + సంచి 3 కిలోలు + బహుళ ఉపయోగ బండి 12 కిలోలు = 24 కిలోలు

తేడా 7 కిలోలు. మెట్లెక్కే ఆ పది క్షణాల్లో ఈ బరువంతా మీదే. పైగా ఒక చేయి బిడ్డకు, ఒక చేయి పట్టుకొనే కడ్డీకి అవసరం. బండికి మూడో చేయి లేదు. అందుకే బస్సు ప్రయాణికులు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న, బండి నేల మీద ఎంత సాఫీగా నడుస్తుందని కాదు. నేల మీద నడవనప్పుడు దాన్ని ఎలా మోస్తామని.

దీనిని బట్టి మూడు సందర్భాలను గుర్తించవచ్చు.

(అ) ప్రయాణమంతా ఎత్తు మెట్ల బస్సులోనే సాగి, దిగిన తరువాత నడక అయిదు నిమిషాలకు మించకపోతే బండి కొనడం దండుగ. పాత చీరతోనో, కొన్న క్యారియర్‌తోనో బిడ్డను ఒంటికి కట్టుకొంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అయితే బిడ్డ ముఖం మీకు ఎప్పుడూ కనిపించాలి. ముక్కు, నోరు గుడ్డలో కూరుకుపోకూడదు. గడ్డం ఛాతీకి ఆనుకోకూడదు. ఆనితే ఊపిరాడదు.

(ఆ) బస్సు దిగాక అరగంట నడక, ఆసుపత్రిలో గంటల కొద్దీ నిరీక్షణ ఉంటే తేలికైన బండి ఉపయోగమే. బస్సులో మడిచి, దిగాక విప్పుకోవాలి.

(ఇ) తక్కువ ఎత్తు బస్సులు నడిచే నగరంలో, లేదా లండన్ వంటి విదేశీ నగరంలో ఉన్న మన తెలుగు కుటుంబాలకు బండిని మడవకుండానే ఎక్కించే వీలుండవచ్చు. అక్కడ కూడా అవసరమైతే మడవవలసిందే. ఎందుకో 9.5లో చూస్తారు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
గమనిక: సమాధానాన్ని మీ సొంత మాటల్లో అయిదు వాక్యాల్లో రాయండి.
ప్రశ్న: మీరు తరచుగా ఎక్కే బస్సుకు ఎన్ని మెట్లున్నాయి? దాని ప్రకారం మీకు బండి అవసరమా, కాదా? కారణాలు తెలపండి.

9.4 కొనే ముందు పరిశీలించవలసిన అంశాలు

బొమ్మ చూసి బండి కొనవద్దు. దుకాణానికి బిడ్డను, రోజూ తీసుకువెళ్ళే సంచిని వెంట తీసుకువెళ్ళి కింది పరీక్షలు చేయండి.

1. ఒంటిచేతి పరీక్ష: బిడ్డను చంకన ఎత్తుకొని, ఒక చేత్తోనే బండిని మడవండి. మళ్ళీ విప్పండి. కాలితో నొక్కే మీట ఉంటే చెప్పుల కాలితో నొక్కి చూడండి. దుకాణదారు మడిచి చూపించడం పరీక్ష కాదు. మీరు మూడుసార్లు మడవగలిగితేనే కొనండి.

2. మోత పరీక్ష: మడిచిన బండిని, సంచిని, బిడ్డను పట్టుకొని మెట్లెక్కి దిగండి. బండికి భుజాన వేసుకొనే పట్టీ ఉంటే మేలు.

3. మడత కొలత: మడిచిన బండి మీ ఒళ్ళో కాళ్ళ ముందు గానీ, సీటు కింద గానీ పడుతుందా? ముందే బస్సులో సీటు ముందున్న ఖాళీని జానలతో కొలిచి రాసుకోండి. గొడుగు బండి సన్నగా ఉన్నా పొడవుగా ఉంటుంది. పొట్టి మడత బండి పొట్టిగా ఉన్నా లావుగా ఉంటుంది.

4. సీటు వాలు: మెడ నిలవని బిడ్డను నిటారు సీటులో కూర్చోబెట్టకూడదు. ఐరోపా భద్రతా ప్రమాణం ఈఎన్ 1888 ప్రకారం ఆరు నెలల లోపు బిడ్డ కోసం వాడే సీటు కనీసం 150 డిగ్రీల కోణానికి వాలాలి. అంటే దాదాపు పడక. ఆసరా లేకుండా కూర్చోగల బిడ్డకు మాత్రమే మామూలు గొడుగు బండి తగినది.

5. పట్టీలు: రెండు భుజాల మీదుగా, నడుముకు రెండువైపులా, కాళ్ళ మధ్య నుంచి వచ్చే అయిదు కొసల పట్టీ ఉండాలి. కాళ్ళ మధ్య పట్టీ లేకపోతే బిడ్డ కిందికి జారిపోతుంది.

6. బ్రేకు, తాళం: బ్రేకు వేసి బండిని గట్టిగా తోయండి. కదలకూడదు. మడత దానంతట అదే ముడుచుకుపోకుండా ప్రధాన తాళంతోపాటు రెండో తాళం కూడా ఉందో లేదో చూడండి.

7. కీళ్ళు: మడత కీళ్ళలో చిన్న వేళ్ళు ఇరుక్కొనే ప్రమాదం ఉంది. 2009 నవంబరులో అమెరికాలో వేలి కొసలు తెగిన సంఘటనల కారణంగా ఒకే సంస్థకు చెందిన సుమారు పది లక్షల బండ్లకు కీళ్ళ మూతలు ఉచితంగా ఇవ్వవలసి వచ్చింది. ఆ బండ్లు పేరున్న మెక్‌లారెన్ సంస్థవే. అంటే పేరు ఒక్కటే భద్రతకు హామీ కాదు. కీళ్ళకు మూతలున్నాయా అని తడిమి చూడండి. మడిచేటప్పుడు, విప్పేటప్పుడు బిడ్డను దూరంగా ఉంచండి.

8. చక్రాలు: చిన్న చక్రాలు నున్నని నేల మీద బాగుంటాయి. గుంతల దారిలో ఇరుక్కొంటాయి. మీ వీధి మట్టిదారి అయితే కొంత పెద్ద చక్రాలు కావాలి. అప్పుడు బరువు కొంత పెరుగుతుంది. దేనిని వదులుకోవాలో మీరే నిర్ణయించుకోవాలి.

పాత బండి కొన్నా, బంధువుల దగ్గర తీసుకొన్నా ఇవే పరీక్షలు చేయండి. ముఖ్యంగా తాళాలు, పట్టీల కుట్లు చూడండి. కొత్తది కొంటే బిల్లు, వారంటీ కాగితం భద్రపరచండి. వస్తువులో లోపం ఉంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద పరిహారం కోరవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.

9.5 బస్సులో స్థలం – ఎవరి హక్కు?

బ్రిటన్‌లో 2012 ఫిబ్రవరిలో డగ్ పాలీ అనే వ్యక్తి చక్రాల కుర్చీతో వెదర్బీ నుంచి లీడ్స్ వెళ్ళే బస్సెక్కబోయాడు. చక్రాల కుర్చీకి కేటాయించిన చోట ఒక తల్లి నిద్రపోతున్న బిడ్డతో బండిని నిలిపి ఉంది. అడిగితే డ్రైవరు మాటతో బండి మడవమని కోరాడు. అది ముడుచుకోదని ఆమె చెప్పింది. పాలీ తరువాతి బస్సు కోసం ఆగవలసి వచ్చి, అందుకోవలసిన రైలు తప్పిపోయింది.

ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2017 జనవరి 18న వచ్చిన తీర్పు ప్రకారం, డ్రైవరు ఒకసారి అడిగి ఊరుకొంటే చాలదు. నిరాకరణ సమంజసం కాదనిపిస్తే ఇంకా గట్టిగా చెప్పడం, అవసరమైతే బస్సును కొంతసేపు ఆపడం వంటి మరో ప్రయత్నం చేయాలి. అయితే ప్రయాణికులను బలవంతంగా దించాలని కోర్టు చెప్పలేదు. పాలీకి నష్టపరిహారం కూడా దక్కలేదు.

ఈ ఉదంతంలో ఇద్దరి అవసరమూ నిజమైనదే. కానీ ఒక తేడా గమనించండి. తల్లికి బిడ్డను ఒళ్ళోకి తీసుకొనే మార్గం ఉంది. చక్రాల కుర్చీలోని వ్యక్తికి వేరే చోటు లేదు. ముడుచుకొనే బండి ఉంటే ఆ తల్లికీ ఆ చిక్కు వచ్చేది కాదు. మన దేశంలో వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 41వ సెక్షన్ రవాణా సౌకర్యాల అందుబాటు గురించి చెబుతుంది. కాబట్టి సులువుగా ముడుచుకొనే బండిని ఎంచుకోవడం మీ సౌకర్యం కోసమే కాదు, తోటి ప్రయాణికుని హక్కు కోసం కూడా.

9.6 ప్రయాణంలో జాగ్రత్తలు

• బస్సు రాకముందే బిడ్డను ఎత్తుకొని, బండిని మడిచి సిద్ధంగా ఉండండి. బస్సు ఆగాక మడవడం మొదలుపెడితే తొందరలో తాళం సరిగా పడదు.
• సంచులను బండి పిడికి తగిలించవద్దు. బిడ్డను తీయగానే బరువు వెనక్కి లాగి బండి తిరగబడుతుంది. సామాను సీటు కింది బుట్టలో పెట్టండి.
• సీట్లో కూర్చొన్నప్పుడు బిడ్డను ఒళ్ళో ఉంచి, మడిచిన బండిని దారికి అడ్డం కాకుండా నిలపండి. తలుపు పక్క సీటు వద్దు.
• బండిని మడవకుండా నిలిపే బస్సులో బ్రేకు వేసి, బిడ్డ వీపు బస్సు వెళ్ళే దిశకు ఉండేలా నిలపండి. సడన్ బ్రేకు పడినప్పుడు బిడ్డ ముందుకు విసురుగా పోకుండా సీటు వీపు ఆపుతుంది. పట్టీ మాత్రం తప్పనిసరి.
• ఎండాకాలంలో బండి మీద గుడ్డ కప్పవద్దు. నీడ అనుకొంటాం గాని, గాలి ఆడక లోపల వేడి పెరుగుతుంది. బండికున్న గూడును, గొడుగును వాడండి.
• మరొకరి సాయం అడగడానికి మొహమాటపడకండి. అయితే సాయం చేసేవారికి బిడ్డను కాదు, బండిని ఇవ్వండి.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
1. బండి పిడికి సంచులు ఎందుకు తగిలించకూడదు?
2. పాలీ కేసులో తీర్పు సారాంశం ఏమిటి?

9.7 సారాంశం

పిల్లల బండి ఎంపిక బస్సుతో మొదలుకావాలి. మెట్లు ఎక్కువగా ఉండి నడక తక్కువైతే బండి లేకపోవడమే మంచి ఎంపిక. నడక, నిరీక్షణ ఎక్కువైతే ఒక చేత్తో ముడుచుకొనే తేలికైన బండి తగినది. ఆరు నెలల లోపు బిడ్డకు సీటు పడకలా వాలాలి. పట్టీలు, బ్రేకు, రెండు తాళాలు, మూతలున్న కీళ్ళు లేని బండిని ఎంత చవకగా వచ్చినా కొనకూడదు. బస్సులో చక్రాల కుర్చీ స్థలం అవసరమైనప్పుడు బండిని మడిచి చోటివ్వాలి.

9.8 కీలక పదాలు

గొడుగు బండి: గొడుగులా నిలువుగా ముడుచుకొనే తేలికైన పిల్లల బండి.
అయిదు కొసల పట్టీ: భుజాలు, నడుము, కాళ్ళ మధ్య నుంచి బిడ్డను పట్టి ఉంచే పట్టీల అమరిక.
రెండో తాళం: ప్రధాన తాళం ఊడినా బండి ముడుచుకుపోకుండా ఆపే ఏర్పాటు.
తక్కువ ఎత్తు బస్సు: మెట్లు లేకుండా ఒక్క అడుగులో ఎక్కగల బస్సు.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. బస్సు ప్రయాణానికి పిల్లల బండిని కొనే ముందు పరిశీలించవలసిన అంశాలను వివరించండి.
2. బస్సులో పరిమితమైన స్థలాన్ని పంచుకోవడంలో తలెత్తే సమస్యలను ఒక ఉదాహరణతో విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. పిల్లల బండ్లలోని రకాలు ఏవి?
2. బిడ్డను ఒంటికి కట్టుకొన్నప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
3. మీ ఇంటి నుంచి అధ్యయన కేంద్రం వరకు రెండేళ్ళ బిడ్డతో వెళ్ళాలంటే మోయవలసిన బరువును లెక్కగట్టి, మీ ఎంపికను సమర్థించండి.