రిట్రీవర్‌కు మాట కన్నా సైగ మేలు

యాంగన్‌లో మా ఇంట్లో తెలుగు, బర్మీస్, ఇంగ్లిష్ మూడూ నడుస్తాయి. లాబ్రడార్ పిల్లకు తలా ఒక మాట చెబితే దానికి ఏది పాలుపోతుంది? పైగా ఎదురుగా కూర్చున్న కుక్కకు మన కుడి ఎడమవుతుంది. అందుకే ఎటు వెళ్లి తేవాలో చేతి సైగతోనే నేర్పుతున్నాను.

కూర్చోమంటే కదలకుండా ఉండటం, విసిరింది తెచ్చి చేతికివ్వడం ముందే వచ్చి ఉండాలి. కుక్కను మనవైపు తిప్పి కూర్చోబెట్టి, నాలుగడుగుల దూరంలో నిలబడి, దానికి ఒక పక్కన డమ్మీ విసరాలి. చేయి అటు బారుగా చాచి, అటే ఒక అడుగు వేయాలి. అది కుదిరాక రెండో పక్క. వెనక్కి పంపాలంటే చేయి నిటారుగా పైకెత్తాలి. ఆ తర్వాతే రెండు పక్కలా డమ్మీలు. చివర విసిరినదాని మీదే కుక్కకు మనసు, కాబట్టి మొదట్లో దానికే పంపండి.

తప్పు వైపు పరిగెత్తితే అరవకండి. వెనక్కి పిలిచి, దూరం తగ్గించి మళ్లీ చూపండి. తిట్లు తిన్న కుక్క సైగ వచ్చినా కదలడానికి జంకుతుంది. ఇది మా పిల్లలకు త్వరగానే అర్థమైంది, పెద్దలకే ఆలస్యం!

డమ్మీ తెల్లదైతే మంచిది. పచ్చగడ్డిలో ఎరుపు, నారింజ కుక్క కంటికి సరిగా ఆనవు. ఏప్రిల్ ఎండల్లో తెల్లవారుజామున పది నిమిషాలు చాలు. వానలు పట్టి గడ్డి ఏపుగా పెరిగాక మా సాధన వరండాలోనే.