గన్నేరు: ఒక పేరు, నాలుగు మొక్కలు

గోదావరిఖని అను పేరు తన పుట్టుకను తానే చెప్పుకొనును. ఖని యనగా గని; గోదావరి చెంతనున్న బొగ్గుగనుల ఊరు. చెట్ల పేర్లు ఇంత తేటగా మాటలాడవు. ఆ ఊరిలోగాని, పొరుగున రామగుండములోగాని నలుగురిని పిలిచి గన్నేరును చూపుమన్నచో నాలుగు మొక్కలను చూపవచ్చును. ఒకరు క్వార్టరు దడివెంట గులాబిరంగు పూలపొదను, ఒకరు గంటవంటి పసుపుపూల చెట్టును, ఒకరు గుడిముంగిటి దేవగన్నేరును, మరియొకరు కుండీలోని బిళ్ళగన్నేరును. వీరిలో ఎవ్వరును తప్పు చెప్పినవారని మేమనము.

అయినను అసలు గన్నేరు మొదటిదే. సంస్కృతమున దీనిని కరవీరమందురు. హిందీవారి కనేరు మన గన్నేరునకు దగ్గరి చుట్టమని వినినంతనే తోచును. అమరకోశము దీనికి హయమారకమను పేరునుగూడ ఇచ్చినది. గుఱ్ఱమును చంపునదని అర్థము. పూర్వులు హెచ్చరికను పేరులోనే ఉంచిరి.

తక్కిన మూడును సముద్రము దాటి వచ్చినవి. పచ్చగన్నేరు, దేవగన్నేరు అమెరికా ఉష్ణప్రాంతములవి. బిళ్ళగన్నేరు మడగాస్కరు దీవిది. పచ్చ యనగా ఇక్కడ పసుపు. ఆకురంగునకును పసుపురంగునకును ఒకే మాట వాడుట మనకు అలవాటే కదా! క్రొత్తగా వచ్చినదానికి తెలిసినదాని పేరు పెట్టుట లోకసహజము. కన్నడిగులును దేవగన్నేరును దేవకణగిలె యనిరి. అయితే ఈ పేరు గ్రుడ్డిగా పెట్టినది కాదు. ముద్దపూల రకములను విడిచినచో, నాలుగింటి పూలును గిరకవలె ఒకే వైపునకు తిరిగిన అయిదు రేకులు కలవి. వృక్షశాస్త్రజ్ఞులును వీనిని ఒకే కుటుంబమున, అపోసైనేసీలో చేర్చిరి. చూపునకు అందినంతవరకు జనుల లెక్క సరియైనదే.

చిక్కు గుణములలో ఉన్నది. గన్నేరుపప్పు అనగానే మనము జంకుదుము. ఆ పప్పు అసలు గన్నేరుది కాదు, పచ్చగన్నేరుది. రెండింటిలోని విషము గుండె మీదనే పనిచేయును. బిళ్ళగన్నేరు కథ వేరు. మధుమేహమునకు ఉపయోగపడునేమోనని కెనడాలో దాని ఆకులను పరీక్షించిన నోబుల్, బీర్ అను శాస్త్రజ్ఞులకు ఎలుకల రక్తమున తెల్లకణములు తగ్గుట కనిపించినది. అట్లు 1958లో విన్‌బ్లాస్టిన్ వెలుగులోనికి వచ్చినది. అదే మొక్కనుండి లభించిన విన్‌క్రిస్టిన్‌ను నేటికిని పిల్లల రక్తపు కాన్సరు చికిత్సలో వాడుచున్నారు.

కనుక చక్కెరవ్యాధికి గన్నేరాకు మంచిదని ఎవరైన చెప్పినచో, ఏ గన్నేరని అడుగవలెను. చెప్పినవారి మనస్సులో బిళ్ళగన్నేరు, వినినవారి పెరటిలో హయమారకము ఉండవచ్చును. బిళ్ళగన్నేరాకునైనను వైద్యుని అడుగక నమలరాదు; ఆస్పత్రిలో ఇచ్చునది శుద్ధిచేసి, కొలిచి ఇచ్చు మందు. పిల్లలు పచ్చగన్నేరు కాయను కొరికినట్లు అనుమానము కలిగినచో ఇంటివైద్యమునకు పూనుకొనక వెంటనే ఆస్పత్రికి కొనిపోవలెను. వీలైనచో ఆ కాయనో, రెమ్మనో వెంట తీసికొని పోవలెను. గన్నేరు అని చెప్పినంత మాత్రమున అది ఏ మొక్కయో వైద్యునికి తెలియదు.