పాత జీపునకు క్రొత్త దీపములు

మహాభారతమున ద్రోణపర్వమందలి రాత్రియుద్ధ ఘట్టమును చదివిన సోదరీమణులకు, చీకటి క్రమ్మిన రణరంగమున రథములకును ఏనుగులకును దీపములు తగిలించి సేనలు పోరాడిన సంగతి జ్ఞప్తియందుండును. బండికి పుట్టుకతో లేని దీపమును అక్కరను బట్టి అమర్చుకొనుట నేటి వింత కాదు. మన్యప్రాంతమునందలి పాత జీపుల బంపరు మీదను, కప్పు మీదను నేడు కానవచ్చు పెద్ద దీపములు ఆ కోవలోనివే. అయితే ఆనాడు ఎదుట నున్నవాడు శత్రువు. నేడు ఘాటీరోడ్డు మీద ఎదురు వచ్చువాడు మనవంటి బాటసారి. దీపము తగిలించువారు ముందుగా తలపవలసినది ఈ భేదమునే.

ఇది పురుషుల వ్యవహారము గదా, స్త్రీలకు దీనితో నేమి పని యని కొందరనవచ్చును. అర్ధరాత్రివేళ నొప్పులు పడు కోడలిని, జ్వరముతో మూలుగు బిడ్డను ఒడిని జేర్చుకొని ఆ బండిలో కూర్చుండువారము మనమే. నడుపు విద్య రాకపోయినను, ఆ దీపములు సరిగా నున్నవో లేవో అడిగి తెలిసికొను హక్కు మనకు గలదు.

పాత జీపునకు అదనపు వెలుగు ఏల కావలసివచ్చినదో మొదట చెప్పుదుము. 1941 మొదలు 1945 వరకు యుద్ధావసరములకై విల్లీసు, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. యుద్ధానంతరము మహీంద్రావారు మన దేశమున విల్లీసు జీపులను కూర్చి అమ్మసాగిరి. యుద్ధకాలపు జీపులలో పెక్కింటికి 6 వోల్టుల విద్యుత్తు. తరువాతి వానికి 12 వోల్టులు. నాలుగు చక్రములును లాగుటచే అవి కొండలెక్కును, వాగులు దాటును. కాని వాని హెడ్‌లైట్లు మాత్రము నేటి లెక్కకు మసకవి. చింతపల్లి కడనున్న లంబసింగి వంటి చోట్ల శీతకాలమున తెల్లవారుజామున మంచు దట్టముగా క్రమ్మునపుడు ఆ మసక వెలుగుతో మలుపును కనిపెట్టుట కష్టము.

మా బావగారి యొద్ద 12 వోల్టుల పాత జీపొకటి గలదు. ఒక మాఘమాసమున పట్టణములోని యొక మరమ్మతు దుకాణమున దానికి రెండు పెద్ద దీపములు పెట్టించిరి. ఆ దుకాణమువారు వాని తీగలను పాత హెడ్‌లైటు స్విచ్చికే కలిపివేసిరి. నాటి రాత్రి మేమును, మా అత్తగారును, పిల్లలును ఆ బండిలోనే కొండ యెక్కుచుంటిమి. సగము దూరము పోవునప్పటికి రబ్బరు కాలిన వాసన వచ్చెను. మరుక్షణమున దీపములన్నియు ఒక్కుమ్మడిగా ఆరిపోయెను. ఎడమవైపు లోయ. బావగారు నిదానముగా బండి నాపి చేతిబ్రేకు వేసిరి. చేతిదీపము వెలుగున చూడగా స్విచ్చి వెనుకనున్న తీగ పైతొడుగు కరగి రాగి బయటపడియుండెను. తెల్లవారువరకు అక్కడనే గడపితిమి. అత్తగారు పిల్లల నిద్దరిని తన కొంగున కప్పి, రామనామము తప్ప వేరుమాట పలుకలేదు.

ఇట్లేల జరుగునో తెలిసికొనుట కష్టము కాదు. 55 వాట్ల దీపము 12 వోల్టుల బండిలో సుమారు 4.6 ఆంపియర్ల విద్యుత్తును లాగును. రెండు కలిసి 9.2. వందేసి వాట్లవి రెండైనచో 16 ఆంపియర్లు దాటును. సన్ననైన పాత తీగ తన సొంత దీపముల బరువునే మోయుచుండగా ఈ బరువును దానిమీదనే వేసిన నేమగును? విద్యుత్తు రెండింతలైన తీగలో పుట్టు వేడి నాలుగింతలగును. అందును పాత జీపులలో తీగలకు నూలుబట్ట, రబ్బరు తొడుగులుండెడివి. ఏండ్లు గడచినకొలది అవి పెళుసెక్కి పగులును.

కావున క్రొత్త దీపమునకు క్రొత్త త్రోవ వేయవలెను. బ్యాటరీ నుండి లావుపాటి తీగను విడిగా తీసికొని, దానికి బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు పెట్టవలెను. 55 వాట్ల జతకు 15 ఆంపియర్ల ఫ్యూజు చాలును. ఆపై రిలే యను చిన్న పెట్టె నమర్చవలెను. డ్రైవరు నొక్కు స్విచ్చి కొద్దిపాటి విద్యుత్తుతో ఈ రిలేను మేలుకొలుపును. దీపమునకు కావలసిన పెద్ద విద్యుత్తు రిలేలోనుండియే పోవును గాని స్విచ్చిలోనికి రాదు. రిలేపై అంకెలు చెక్కియుండును: 30 బ్యాటరీకి, 87 దీపమునకు, 86 స్విచ్చికి, 85 ఎర్తునకు. ఇనుపరేకు రంధ్రము గుండా తీగ పోవుచోట రబ్బరు వలయము తొడుగవలెను. లేనిచో బండి కుదుపులకు రేకు అంచు తీగను కోయును.

ఎర్తు తీగ తగులుచోట రంగును, త్రుప్పును గీకి మెరయునట్లు చేసి బోల్టు బిగింపవలెను. ఫిలమెంటు గల దీపమునకు చేరు వోల్టులు పదవవంతు తగ్గినచో వెలుగు మూడవవంతునకు సమీపముగా తగ్గును. పెద్ద దీపము కొన్నను వెలుగు రాలేదని వాపోవువారిలో పలువురి దోషము ఈ త్రుప్పులోనే యుండును.

పాత డైనమో శక్తి స్వల్పము. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు మరియు స్వల్పము. డ్యాషుబోర్డు మీది అమ్మీటరు ముల్లు తరుగువైపు వాలినదా, బ్యాటరీ ఖర్చగుచున్నదని అర్థము. అట్టి బండ్లకు 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు అనుకూలములు, ఒక్కొక్కటి 2 ఆంపియర్లకు లోపే లాగును. అయితే వానికి ధన ఋణ ధ్రువములు తారుమారు కారాదు. పాత బ్రిటిషు బండ్లలో కొన్నింటికి ధనధ్రువమే ఛాసిసునకు కలిపియుండును గనుక ముందు చూచుకొనవలెను.

ఇక స్థానము. కప్పుమీది దీపము దూరము చూపును గాని, దాని వెలుగు బానెట్టుపై పడి నడుపువాని కంటికే కొట్టును. మంచులోనైనచో నీటికణములు ఆ వెలుగును తిరుగగొట్టి ఎదుట తెల్లగోడ కట్టినట్లుండును. మంచుదీపము హెడ్‌లైటు కంటె దిగువను, బంపరునొద్ద నుండి, నేలబారుగా వెడల్పున వెలుగు పరచవలెను. అప్పుడు రోడ్డు అంచు కనబడును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యిది. గంటకు 40 కిలోమీటర్ల వేగమున వచ్చువాని కన్నులు మన దీపమునకు మూడు క్షణములు చెదరినచో అతడు 33 మీటర్లు గ్రుడ్డివాడై నడచును. వృద్ధుల కన్నులు తేరుకొనుటకు మరింత కాలము పట్టును. కనుక దూరపు దీపముల స్విచ్చికి హెడ్‌లైటు పైవెలుగు తీగనుండియే విద్యుత్తు నీయవలెను. ఎదుటి బండిని చూచి డ్రైవరు డిప్పు చేసినంతనే అదనపు దీపములును తామై ఆరిపోవును. ఊళ్ళలోను, రాకపోకలు గల రోడ్లమీదను వానికి మూతలు తొడుగుట మర్యాద. 1988 నాటి మోటారు వాహనముల చట్టమును, 1989 నాటి కేంద్ర నియమములును దీపములకు హద్దులు విధించినవి గనుక, డబ్బు ఖర్చు పెట్టకముందే రవాణా కార్యాలయమున విచారించుట మేలు.

సోదరీమణులు మీ యింటి బండికిగాని, మీరు ప్రయాణమునకు కుదుర్చుకొను బండికిగాని ఇట్టి దీపములున్నచో మూడు ప్రశ్నలడుగుడు. వీనికి వేరు తీగ, వేరు ఫ్యూజు గలవా? రిలే యున్నదా? డిప్పు చేసిన ఆరునా? మూడింటికి ఔనన్న జవాబు వచ్చినచో నిశ్చింతగా నెక్కుడు. ఒక్కటి లోపించినను, ఆ దీపములను వెలిగింపక పాత మసక వెలుగుతోనే మెల్లగా పొమ్మని చెప్పుడు. గంట ఆలస్యమైనను ఇల్లు చేరుదుము.