గోడ పొగను ఆపదు, మళ్లిస్తుంది

పోర్ట్ క్లాంగ్ రోడ్ల మీద కంటైనర్ లారీలకు పగలూ రాత్రీ తేడా లేదు. 2023లో ఈ మలేసియా రేవు ఇరవై అడుగుల పెట్టెల లెక్కన కోటీ నలభై లక్షల కంటైనర్లను దాటించింది. ఓడ నుంచి ఓడకు మారేవి తీసేసినా, రోడ్డెక్కేవి తక్కువేమీ కావు. విశాఖ వైపు నుంచి తోటల పనికి వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో ఒకప్పుడు ఓడ దిగిందీ ఇక్కడే. అప్పట్లో దీని పేరు పోర్ట్ స్వెటన్‌హామ్, 1972లో మారింది.

మలేసియా రోడ్ల పక్కన నిద్రగన్నేరు చెట్లు ఎక్కువ. నీడకు వాటిని మించినవి లేవు. పొగ సంగతి వేరు. మాను బోసిగా ఉండి, కొమ్మలు ఎక్కడో పైన విచ్చుకుంటాయి. లారీ పొగ ఆ కింది ఖాళీలోంచే ఇళ్లవైపు సాగిపోతుంది.

చెట్లు పొగను మింగేస్తాయన్నది మనకు ఇష్టమైన నమ్మకం. ఆకుల మీద పేరుకునే ధూళి నిజానికి కొద్దిపాటే. అసలు పని చేసేది అడ్డు. ఎదురుగా గోడ తగిలితే గాలి పైకి లేస్తుంది, పైనున్న గాలితో కలిసి పొగ పలచబడుతుంది.

2008లో అమెరికాలోని ఐడహోలో దీన్ని తేల్చడానికి గడ్డిమోపులు పేర్చి 6 మీటర్ల ఎత్తు, 90 మీటర్ల పొడవు గోడ కట్టారు. లారీ పొగకు బదులు గుర్తుపట్టడానికి వీలైన వాయువును వదిలారు. గోడ వెనక అది బాగా తగ్గింది. అయితే గాలి మందగించినప్పుడు రోడ్డు వైపే పోగుపడింది. ఊరికి మేలే, మోటార్‌సైకిల్ మీద వెళ్లేవాడి మాటేమిటి?

పచ్చని అడ్డుకూ లెక్క ఉంది. కనీసం 5 మీటర్ల ఎత్తు, 10 మీటర్ల మందం, నేల నుంచి కొస దాకా సందులేని ఆకు ఉండాలని అమెరికా పర్యావరణ సంస్థ 2016లో సూచించింది. మధ్యలో ఖాళీ వదిలితే పొగ అక్కడి నుంచే దూరుతుంది. ఏడాదంతా వాన పడే క్లాంగ్‌లో ఆకు నిలిచే పొదలకు కొదవలేదు; రేవు రోడ్ల పక్క కావలసింది స్థలమే.

అదే పొదను తీసుకెళ్లి క్లాంగ్ పట్నంలోని లిటిల్ ఇండియాలో పెడతామంటే కుదరదు. చీరల కొట్లు, పూలమాలల బల్లలు రెండువైపులా బారులు తీరిన అలాంటి వీధిలో గుబురు చెట్లు గాలి ఆడకుండా చేసి, పొగను మనిషి ముక్కు దగ్గరే నిలబెడతాయి. అక్కడ వాహనాలు తగ్గించడమే మందు.

గోడకు చేతకాని పనులూ ఉన్నాయి. అది ఆదుకునేది రోడ్డుకు దగ్గరగా ఉన్నవాళ్లనే. ఎలాగూ 150, 180 మీటర్లు దాటేసరికి రోడ్డు పొగ చాలావరకు పలచబడుతుంది. ఓడల పొగ, కాపార్ బొగ్గు విద్యుత్ కేంద్రం పొగ, సుమత్రా అడవుల మంటలు దాని పరిధిలో లేవు. 2005 ఆగస్టులో కాలుష్య సూచిక 500 దాటి పోర్ట్ క్లాంగ్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు ఏ కంచె అయినా చేయగలిగింది శూన్యం.

కాబట్టి బడి ప్రహరీ పక్కనో ఆస్పత్రి ముందో మొక్కలు నాటే కార్యక్రమం పెట్టుకున్నవాళ్లు ఎన్ని నాటామన్నది పక్కనపెట్టి, ఆకు నేల దాకా ఉందా, మధ్యలో సందులున్నాయా అని ముందు చూడాలి.